పుట్ట, బుట్ట, కుండ

ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరుకు దగ్గరగా, గంపలగూడెం మండలంలో నెమలి అనే ఊరుంది. వేణుగోపాలస్వామి గుడి వల్ల చుట్టుపక్కల జిల్లాల వాళ్ళందరికీ తెలిసిన ఊరు. పాముకు పుట్టుశత్రువైన పక్షి పేరు పెట్టుకున్న ఈ ఊరి పొలాల్లోనూ, మామిడితోటలు, పత్తిచేలు నిండిన ఆ చుట్టుపక్కల నేలంతటా పాములు తరతరాలుగా బతుకుతూనే ఉన్నాయి. అక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఒంట్లో సొంత పొయ్యి లేని జీవి ముప్ఫై డిగ్రీల ఈ తేడాను ఏటా ఎలా దాటుతోంది? పామును పట్టి తెచ్చి పెట్టెలోనో బుట్టలోనో ఉంచిన వాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎదురయ్యింది. చాలామంది దాన్ని తప్పుగానే అడిగారు. పాముకు ఎంత వేడి కావాలి అని అడిగారు గాని, పాముకు ఎన్ని చోట్లు కావాలి అని అడగలేదు. పాము బందిఖానా చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల మధ్య నడిచిందని నా వాదన. మన తెలుగునేల మీద దానికి మరో మాట కలపాలి: ఇక్కడ చలి కంటే వేడికే ఎక్కువ భయపడాలి.

పామును శీతరక్త జీవి అని బడిపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ మాట దారి తప్పిస్తుంది. ఎండ కాచుకుని లేచిన పాము నెత్తురు మన నెత్తురంత వెచ్చగా ఉండగలదు. అది వేడిని తనలో పుట్టించుకోదు, బయటి నుంచి తెచ్చుకుంటుంది. చాలా జాతుల పాములు వీలున్నంతవరకు ఒంటిని 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచుకోవాలని చూస్తాయి. అంతకంటే బాగా చల్లబడితే మింగిన ఎలుక కడుపులో అరగదు. అరగని ఆహారం కుళ్ళుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది, జబ్బులను తట్టుకునే శక్తీ తగ్గుతుంది. ఇదంతా రోజులు, వారాలు పట్టే నష్టం. వేడి సంగతి అలా కాదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే చాలా జాతులకు ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. కాల్చిన పెనంలాంటి నేల మీద, దాగే చోటు లేకుండా, మిట్టమధ్యాహ్నం చిక్కుకున్న పాము కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోవచ్చు. చలి తప్పును దిద్దుకునే వ్యవధి ఉంటుంది, వేడి తప్పుకు ఉండదు. తక్కినదంతా చెప్పుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. మన పాములు మన ఎండలకు అలవాటు పడ్డవే కదా, 45 డిగ్రీల్లో బతికే జీవికి ప్రత్యేకంగా ఏర్పాట్లు దేనికి అంటారు. ఊరికి 45 డిగ్రీలైనంత మాత్రాన పాముకు 45 డిగ్రీలు కాదు. మే నెల మధ్యాహ్నం పాము చేలో ఉండదు. రాళ్ళ సందులోనో, ఎలుక కన్నంలోనో, గట్టు మీది పుట్టలోనో ఉంటుంది. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అని మనవాళ్ళు అన్యాయాన్ని చెప్పడానికి వాడే సామెతలో అచ్చమైన ప్రకృతి పరిశీలన ఉంది. పెట్టింది చెదలు, చేరింది పాము. ఆ ఇల్లు ఎలాంటిదో 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. బెంగళూరు ప్రాంతంలో ఒడాంటోటెర్మిస్ జాతి చెదల పుట్టలను పరిశీలించి, పగలు పుట్ట బయటి పల్చని కొమ్ములు ముందుగా వేడెక్కి వాటిలో గాలి పైకి లేస్తుందని, మధ్య గొట్టంలో కిందికి దిగుతుందని, రాత్రి ఈ వరస తిరగబడుతుందని కొలిచి చెప్పారు. అంటే పగటికీ రాత్రికీ ఉన్న తేడాతోనే పుట్ట ఊపిరి తీస్తుంది. అడుగున చెదలు పెంచుకునే బూజుతోట చల్లగా, తేమగా, ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. వాన పడగానే పుట్టగొడుగులు పైకి తన్నుకొచ్చేది ఆ తోట నుంచే. చెదలు కాపురమున్న నడిగదిలోకి పాము పోదు. పాతబడి వదిలేసిన సొరంగాలు, పక్క కన్నాలు దానికి చాలు. కాని మట్టి మందం అదే, లోతు అదే. పైకొస్తే ఎండ, అడుగుకు పోతే చల్లదనం, మధ్యలో అన్ని మెట్లూ ఉన్నాయి. ఎండలు ముదిరినప్పుడు వేటను రాత్రికి మార్చుకునే వీలూ ఉంది. 45 డిగ్రీలను పాము తట్టుకోవడం లేదు, తప్పించుకుంటోంది. ఆ తప్పించుకునే దారి మూసేస్తే ఇక్కడి పాము కూడా ఇక్కడి ఎండకే చస్తుంది.

కార్తీక శుద్ధ చవితి నాడు, పొద్దున చలి మొదలయ్యే రోజుల్లో, ఆంధ్రదేశపు ఇల్లాళ్ళు పాలు పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్తారు. పాము పాలు తాగదు, ఆ సంగతి వేరే. పామును చూడాలంటే దాని ఇంటికే వెళ్ళాలన్న మర్యాద మాత్రం ఆ పండుగలో ఉంది.

ఆ మర్యాదను దాటింది బుట్ట. పాములాడించే వాళ్ళ వృత్తికి తెలుగునాట పాత ఆనవాళ్ళున్నాయి. 1909లో అచ్చయిన థర్స్టన్ కులాల గ్రంథంలో తెలుగు జోగుల గురించి హెచ్.ఎ. స్టువర్ట్ అనే అధికారి చెప్పిన మాటల్లో, వాళ్ళు పాముల్ని ఆడించడంలో నేర్పరులన్న ప్రస్తావన ఉంది. భుజాన కావడి, చేతిలో నాగస్వరం, మూత పెట్టిన వెదురు బుట్టలో నాగుపాము. బుట్టకు గాలి ఆడుతుంది కాబట్టి ఇనప్పెట్టె కంటే నయమే. కాని అందులో ఉన్నది ఒకటే చోటు. ఎండలో దింపితే అంతా ఎండే, చలిలో ఉంచితే అంతా చలే. చుట్ట చుట్టుకుని పడుకోవడం తప్ప పాము చేయగలిగింది లేదు. తరతరాలుగా థర్మామీటరు లేకుండానే వాళ్ళు పాముల్ని సాకలేదా అని అడగవచ్చు. సాకారు అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. కోరలు పీకి, కొన్నిచోట్ల నోళ్ళు కుట్టి ఆడించిన పాములు బతికింది వారాలో, కొద్ది నెలలో. ఒకటి పోతే పొలంలో మరొకటి దొరికేది. సరుకు తరగని చోట నష్టం లెక్కకు రాదు. వాటిని చంపింది నోటి పుండ్లా, ఆకలా, బుట్ట వేడా అని ఇప్పుడు విడదీసి చెప్పలేం, మూడూ కలిసే పనిచేసి ఉంటాయి. పుండు పడ్డ పాము వెచ్చని చోటు వెతుక్కోలేదు, ఎండ దెబ్బ తిన్నది చల్లని మూలకు పాకలేదు అన్నంత వరకు తప్పు బుట్టదే. ఆ మనుషుల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. పాము గురించి వాళ్ళకు తెలిసినంత వాళ్ళ కాలపు పండితులకు తెలియదు.

పండితుల సంగతీ చూద్దాం. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పెద్ద పుస్తకం వెలువడింది. రక్తపింజరికి ఆయన పేరే పెట్టారు. ఆ పుస్తకంలో పాముల పేర్లు తెలుగువే: రక్తపింజరి కాటుక రేకుల పొడ, కొండచిలువ పెద్దపొడ. కట్లపాముల జాతికి ఈనాటికీ లోకమంతా వాడే బంగారస్ అన్న పేరు కూడా ఆయన రాసుకున్న తెలుగు మాట నుంచి వచ్చిందే. రస్సెల్ పొలుసుల వరసలు లెక్కపెట్టాడు, కోళ్ళకూ కుక్కలకూ పాముల చేత కరిపించి విషం జోరు పరీక్షించాడు. ఆ కాలానికి అది గొప్ప పనే. కాని పాము ఏ పూట ఎంత వెచ్చగా ఉంటుంది, ఎప్పుడు ఎటు కదులుతుంది అన్నది ఆ శాస్త్రానికి ప్రశ్నే కాలేదు. సారాయి సీసాలో పెట్టిన పాముకు ఏ ఉష్ణోగ్రతైనా ఒకటే. తర్వాత నూట యాభై ఏళ్ళు సర్పశాస్త్రం చాలావరకు ఆ సీసాల చుట్టే తిరిగింది.

బతికున్న పాము ఒంటి వేడి అనుకోని దారిలో చర్చకు వచ్చింది. మన దేశంలో కొండచిలువ గుడ్లను చుట్టుకుని వేడితో పొదగడం చూశానని లామార్-పికో అనే ఫ్రెంచి యాత్రికుడు 1832లో పారిస్ శాస్త్ర అకాడమీకి చెబితే నమ్మలేదు. 1841లో పారిస్ జంతుశాలలోనే ఒక ఆడ కొండచిలువ గుడ్లు పెట్టి చుట్టుకున్నప్పుడు వాలన్సియెన్ అనే శాస్త్రవేత్త థర్మామీటరు పెట్టి చూశాడు. గదిలోని గాలి కంటే పాము వెచ్చగా ఉంది. 1966లో న్యూయార్కు జంతుశాల కొండచిలువ మీద జరిగిన పరిశోధన కారణం తేల్చింది. గాలి చల్లబడే కొద్దీ అది కండరాలను ఇంకా త్వరత్వరగా బిగిస్తూ వేడి పుట్టిస్తోంది. పొదిగే ఆ కొన్ని వారాలు తప్పిస్తే పెద్దపొడకు కూడా ఈ విద్య లేదు. లండన్ జంతుశాల 1849లో ప్రపంచంలోనే మొదటిదనదగ్గ పాముల ఇల్లు తెరిచింది. చలిదేశంలో ఉష్ణదేశపు పాముల్ని బతికించాలి గనక వాళ్ళ ఆలోచనంతా గదిని వెచ్చబెట్టడమే. అసలైన మలుపు 1927లో వచ్చింది. జోన్ ప్రాక్టర్ అనే యువ శాస్త్రవేత్త రూపకల్పన చేసిన కొత్త పాముల ఇంట్లో గది మొత్తాన్ని ఒకే తీరుగా కాచడం మాని, విద్యుత్తుతో ఒక్కొక్క అరలో ఎక్కడ కావాలో అక్కడ వేడి ఇచ్చారు. అక్కడ పాముకు మళ్ళీ ఎంపిక దొరికింది. ఆ ఎంపిక ఎంత ముఖ్యమో 1944లో కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఎడారి పాముల మీద, బల్లుల మీద చేసిన కొలతలతో రుజువైంది. ఎండలోకీ నీడలోకీ మారుతూ ఆ జీవులు తమ ఒంటి వేడిని తామే దిద్దుకుంటాయని వాళ్ళు చూపించారు.

మన పక్కనే తమిళనాడులో మరో రకం బందిఖానా ఉంది. 1972 వన్యప్రాణి చట్టం, 1976లో పాము తోళ్ళ ఎగుమతి నిషేధం వచ్చాక, తోళ్ళ మీద బతికిన ఇరుళర్ గిరిజనులకు పూట గడవని రోజులొచ్చాయి. వృత్తిలో మన యానాదులకు దగ్గరివాళ్ళు వీళ్ళు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరిని తెచ్చి, మూడు నాలుగు వారాలుంచుకుని విషం తీసి, పొట్ట కింద పొలుసు కత్తిరించి గుర్తుపెట్టి వదిలేస్తారు. పాముల్ని ఉంచేది మట్టికుండల్లో. అడుగున ఇసుక, మూతికి గుడ్డ, పైన నీడ. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో తెలిసిన ఇల్లాలికి ఈ ఏర్పాటును వివరించనక్కర్లేదు. మట్టి వేడిని మెల్లగా తీసుకుంటుంది, మెల్లగా వదులుతుంది, గుడ్డ గాలి ఆడనిస్తుంది. కుండలో కూడా ఒకటే చోటుంది కదా, మరి బుట్టను తప్పుపట్టి కుండను మెచ్చుకోవడమేమిటి అంటే, అభ్యంతరం న్యాయమైనదే. కుండ ఇల్లు కాదు, విడిది. కొద్ది వారాలు తిండి లేకపోయినా తట్టుకునే జీవికి, అరిగించుకోవాల్సిన పనిలేని కాలానికి, పుట్ట అడుగును పోలిన చల్లని చీకటి చాలు. ఏళ్ళ తరబడి ఉంచడానికి అదీ పనికిరాదు. ఇక్కడ పామును కాపాడాలంటే ముందు నీడపట్టున పెట్టాలన్న తెలివి మాత్రం కుండలో ఉంది, లండన్ పద్ధతికి అది అవసరం పడలేదు. 1963లో తెరిచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో చలికాలం పాముల గదులకు బల్బులు, హీటర్లు పెడతారు, వేసవిలో తడికలు కట్టి నీళ్ళు చిలకరిస్తారు. మన జంతుశాల రెండు పాఠాలూ నేర్చుకుంది.

ఇళ్ళల్లో పాముల్ని పెంచే ఈ తరానికి మొదటి పాఠమే అందింది. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని పట్టి ఉంచుకోవడం నేరం, 2022 సవరణ దాన్ని మరింత బిగించింది. నగరాల్లో కొందరు పెంచుతున్నవి పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్ లాంటివి, వాటినీ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక పక్క 31-33 డిగ్రీలు, మరో పక్క 25-27 ఉండాలని పెంపకం పుస్తకాలు చెబుతాయి. మాట సరైనదే. అవి చలిదేశాల కోసం రాసినవి కనుక వెచ్చని పక్కను ఎలా తయారుచేయాలో పేజీలకు పేజీలు చెబుతాయి, చల్లని పక్కను ఇల్లే ఇస్తుందనుకుంటాయి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం గదే 38 డిగ్రీలుంటే ఆ చల్లని పక్క ఎక్కడిది? థర్మోస్టాట్ హీటరును ఆపగలదు, గదిని చల్లబరచలేదు. మూతపెట్టిన గాజుపెట్టెలో, కరెంటు పోయిన పూట, పాముకు మిగిలేది జోగి బుట్టే. ఏసీ పెట్టుకుంటాం అనేవాళ్ళున్నారు. ఏసీ గదినంతా ఒకే చలిలోకి నెడుతుంది, అప్పుడు మళ్ళీ హీటరు కావాలి, రెంటికీ కరెంటు ఉండాలి. ఆ ఖర్చుకూ కాపలాకూ సిద్ధం కానివాళ్ళు పామును తెచ్చుకోకపోవడమే దానికి చేసే మేలు. ఇప్పటికే ఉన్నవాళ్ళు పెట్టెలో రెండు చివర్లా రెండు థర్మామీటర్లు పెట్టి, ఏప్రిల్ రాకముందే చల్లని చివరను చూసుకోవాలి. నేల చల్లగా ఉండే గది, తడిపిన మట్టిపాత్రతో చేసిన దాగుడుచోటు, నీడ, గాలి: ఇవి హీటరు కంటే ముందు అమర్చుకోవాలి.

నెమలి చుట్టుపక్కల రైతులకూ ఒక విన్నపం. ట్రాక్టరుతో గట్లు చదును చేసేటప్పుడు మూల మీది పాత పుట్టను వదిలేయండి. ఎలుకల్ని తినే పాముకు మే నెల మధ్యాహ్నం అంతకంటే చల్లని చోటు ఆ చేలో మరొకటి లేదు.