పురుగు తలకు ఖరీదు

బర్మామైన్స్ తెలుగు కుటుంబాల్లో శ్రీకాకుళం నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. ఉద్దానంలో కొబ్బరి మట్ట విచ్చుకోగానే కత్తెరతో కోసినట్టు కనిపిస్తే మా పెద్దవాళ్ళు దిష్టి అనేవారు, గుమ్మడికాయ కట్టేవారు. కోసింది కొమ్ము పురుగు. విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుని దూరుతుంది. మడతలో పడ్డ ఒక్క కన్నమే ఆకు విప్పారాక వరుస కోతలై బయటపడుతుంది. దిష్టికి అంత జ్యామితి ఎక్కడిది?

మా ఊరి పక్క దళ్మా కొండలది సాల అడవి. సాలకూ ఓ పెంకు పురుగు శత్రువుంది. పొడుగు మీసాలది, పేరు హోప్లోసెరాంబిక్స్. రెండూ చెట్టును చంపగలవు గానీ ఖాతాలే తలకిందులు. కొబ్బరికి నష్టం చేసేది ఎదిగిన పురుగు. దాని పిల్ల పెంటకుప్పలోనో కుళ్ళిన మొద్దులోనో పెరుగుతుంది, పచ్చని చెట్టు జోలికి రాదు. సాలకు నష్టం పిల్లతోనే. వానలు పడగానే తల్లి బయటికొచ్చి బెరడు మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు చేవదాకా తొలుచుకుపోతాయి. మొదట్లో పొట్టు కుప్పపడితే గాని మనకు తెలియదు.

1990ల చివర మధ్యప్రదేశ్ సాల అడవుల మీద ఇది విరుచుకుపడింది. లక్షల చెట్లు నరికారు. పచ్చి దుంగ బెరడు చితక్కొట్టి పెడితే, కారే రసం తాగి పురుగులు మత్తుగా పడుంటాయి. జనం ఏరి తలలు తుంచి అప్పజెబితే తలకింత అని కూలి. పద్దులు రాసి బతికిన నాకు ఇక్కడే అనుమానం. తలల లెక్క ఖర్చు వోచరే గాని, బతికిన చెట్ల లెక్క కాదు కదా!

సమోవాలో సరిగ్గా ఇదే జరిగింది. 1909లో సింహళం నుంచి రబ్బరు మొక్కలతో కొమ్ము పురుగు అక్కడికి చేరింది. అప్పటి జర్మన్ వలస ప్రభుత్వం ప్రజలచేత పురుగుల్ని ఏరించింది. ఏరినా తరగలేదు. 1963లో హ్యూగర్ అనే శాస్త్రజ్ఞుడు మలయాలో దీనికి జబ్బు చేసే వైరస్ కనుక్కున్నాడు. 1967లో దాన్ని సమోవాలో వదిలాక గాని ఉధృతి తగ్గలేదు. అదీ శాశ్వతం కాదు: 2007లో గ్వామ్ దీవిలో బయటపడిన రకం ఆ వైరస్‌కు లొంగలేదు.

మొన్న ఉద్దానం వెళ్తే మా బంధువుల తోటలో గుమ్మడికాయ ఇంకా వేలాడుతోంది. దానికి పది అడుగుల్లో పెంటకుప్ప. కర్రతో కెలికితే బొటనవేలంత తెల్లటి పిల్లలు, ఒకటి కాదు, ఏడు.