పాత చందమామలు: మన బడులు దాచుకోవలసిన ఆస్తి



'చందమామ' మాసపత్రికను 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి ప్రారంభించారన్న సంగతి మీరెరిగినదే. అదే నెలలో తమిళ 'అంబులిమామ' కూడా వెలువడింది. 1949లో కన్నడం, 1952లో మరాఠీ, 1956లో ఒడియా ప్రతులు వచ్చాయి. అంటే మనం తరతరాలుగా స్థిరపడిన ప్రాంతాలలోని ఇరుగుపొరుగు పిల్లలు కూడా చిత్రా, శంకర్ గీసిన ఆ బొమ్మలనే చూస్తూ పెరిగారన్నమాట. 1952 నుండి 1980లో కన్నుమూసేవరకు కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రిక భాషను తీర్చిదిద్దారు. చిన్న వాక్యం, తేట మాట, తడబాటులేని కథనం ఆ భాష లక్షణాలు.

1998లో ఆగి మరుసటి సంవత్సరం మళ్ళీ మొదలైన ఆ పత్రిక, 2007లో చేతులు మారి, 2013 నాటికి ముద్రణలో లేకుండా పోయింది. ఈలోగా 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం బడులలో 1వ తరగతి నుండి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. బడిలో తెలుగుకు చోటు తగ్గినప్పుడు, పిల్లవాడు తనంతట తాను చేత పట్టుకొని చదివే పుస్తకం విలువ పెరుగుతుంది. కనుకనే మీ అటకల మీది పాత సంచికలను గురించి వ్రాస్తున్నాను.

అంతర్జాలంలో నకళ్ళు దొరుకుతాయి కదా అని మీరు అనవచ్చును. అవి కూడా ఎవరో దాచిన కాగితపు ప్రతుల నుండి తీసినవే. మూలప్రతిలో లేని పుట నకలులోనూ ఉండదు. పూర్వం ఏడాది సంచికలను కలిపి బైండు చేయించేటప్పుడు చాలాచోట్ల అట్టలను, ప్రకటనల పుటలను తీసివేసి, అంచులు కోయించేవారు. దానితో ముఖచిత్రమూ, ఆనాటి ప్రకటనలూ పోయేవి.

అమెరికాలో పాత బొమ్మల కథల పుస్తకాలకు పది అంకెల కొలమానం మీద శ్రేణి నిర్ణయిస్తారు. అట్ట మెరుపు, వెన్ను బిగువు, కాగితపు రంగు చూస్తారు. మరమ్మతు చేసిన ప్రతిని ఆ సంగతి తెలిపి వేరుగా లెక్కిస్తారు. వారి లెక్క అమ్మకపు ధర కోసం, మన లెక్క చదువు కోసం. కాబట్టి మీరు మొదట పుటలన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టండి. తరువాత అట్ట, ఆపైన ధారావాహికల వరుస చూడండి. నడుమ ఒక్క నెల సంచిక లేకపోతే ధారావాహిక తెగిపోతుంది. శుభ్రమైన సగం పుస్తకం కన్నా మరకలున్న పూర్తి పుస్తకమే మనకు మేలు.

ఇక మరమ్మతు. చౌక కాగితంలో కలపగుజ్జు ఎక్కువ. అందులోని ఆమ్లం వల్ల కాగితం పసుపెక్కి, పెళుసవుతుంది. ఎండ, తేమ ఆ పనిని త్వరపెడతాయి. చిరుగులకు సెల్లో టేపు ఎన్నడూ అంటించకండి. దాని జిగురు కాగితంలోకి ఇంకి, గోధుమరంగు మరకగా మిగులుతుంది. గోధుమ గంజితో పలుచని జపాను కాగితపు ముక్కను వెనుకవైపు అంటిస్తే చాలును. అవసరమైతే తరువాత నీటితడితో విడదీయవచ్చును. తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసి, ఆ రంధ్రాలలోనే నూలుదారంతో కుట్టండి. వెలిసిన బొమ్మకు రంగులు దిద్దకండి. బీటలువారిన ప్రతిని పిల్లల చేతికి ఇచ్చే ముందు నకలు తీయించి, చదవడానికి నకలును ఇవ్వండి.

మరొక మాట. ఒకే నెల తెలుగు, తమిళ సంచికలు దొరికితే రెంటినీ పక్కపక్కన ఉంచండి. బడిలో తమిళం నేర్చిన బిడ్డ, తనకు తెలిసిన కథనే బొమ్మల ఆధారంతో తెలుగులో చదువుకోగలుగుతుంది. కన్నడ, మరాఠీ, ఒడియా సీమలలోని ఉపాధ్యాయులు కూడా ఈ పద్ధతిని అనుసరించవచ్చును.

పాత కాగితాల బరువుకు అమ్మివేసే ముందు ఒక్కసారి కట్ట విప్పి చూడండి. ఏ సంవత్సరం, ఏ నెలలు ఉన్నాయో ఒక కాగితం మీద వ్రాసి, మీ ఊరి తెలుగు బడికి తెలియజేయండి. ఒకరి ఇంట లేని నెల మరొకరి ఇంట ఉండవచ్చును.