కార్వెట్

షెవ్రోలే కార్వెట్: అమెరికా సంస్థ జనరల్ మోటార్స్ 1953 నుంచి తయారుచేస్తున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. చిన్న, చురుకైన యుద్ధనౌక పేరు దీనికి పెట్టారు.

హార్లీ ఎర్ల్ రూపొందించిన నమూనాను 1953 జనవరిలో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. జూన్ 30న మిషిగన్‌లోని ఫ్లింట్‌లో తయారీ మొదలైంది. ఆ ఏడాది వచ్చినవి 300. అన్నీ తెలుపే, లోపల ఎరుపు. బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్ గ్లాస్. తలుపులకు బయట పిడి లేదు. చెయ్యి లోపలికి పెట్టి తీయాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్ శక్తి 150 హార్స్‌పవర్, గేర్లు రెండే. ఆ రూపానికి ఆ బలం చాలలేదు. 1955 నాటి 4.3 లీటర్ల వి-8 ఇంజిన్, ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్ కృషి కారును నిలబెట్టాయి. 1963 స్టింగ్ రే కూపేలో వెనక అద్దాన్ని నిలువునా రెండుగా చీల్చే పట్టీ ఆ ఒక్క ఏడాదే ఉంది.

2020 మోడల్‌లో ఇంజిన్ సీట్ల వెనక్కి మారింది. ఫ్యాక్టరీ నుంచి కుడి స్టీరింగ్ కార్లు రావడమూ ఆ తరంతోనే మొదలు. పాత కార్వెట్‌తో ఏలూరు–కైకలూరు కొల్లేరు రోడ్డు వంటి చోట ముందున్న లారీని దాటబోతే, ఎడమ వైపు కూర్చున్న డ్రైవరుకు ఎదురు బండి కనిపించదు. పనిచేసే సిగ్నల్ పరికరం లేని ఎడమ స్టీరింగ్ బండిని బహిరంగ స్థలంలో నడపడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ నిషేధిస్తోంది.