మంచు బాటలో మాటే చూపు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కాజీపేట దగ్గరి మడికొండలో ఆ మాట నిజమేనని మెట్టుగుట్ట ఎక్కినవాళ్లకు తెలుసు. రామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని మధ్యాహ్నం గుట్ట దిగేసరికి అరికాళ్లు చురుక్కుమంటాయి. ఇంచుమించు అదే రోజుల్లో, ఎక్కడో ఆల్ప్స్ కొండల్లో, చూపులేని ఓ అమ్మాయి మంచువాలు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంతో జారిపోతూ ఉంటుంది. ఆమెకు కొన్ని మీటర్ల ముందు మరో మనిషి. ఆ మనిషి హెల్మెట్‌లోని మైకు నుంచి ఈమె చెవిలోకి వచ్చే ఒకటి రెండు మాటలే ఆమెకు కళ్లు. మలుపు ఎప్పుడు తిరగాలో, దాటాల్సిన జెండాల గేటు ఎక్కడుందో, ఎత్తుపల్లం ఎప్పుడొస్తుందో అన్నీ ఆ మాటల్లోనే తెలియాలి. మాట అర సెకను ఆలస్యమైతే ఇద్దరూ మంచులో దొర్లాల్సిందే.

దివ్యాంగుల శీతాకాల క్రీడలంటే పతకాల పట్టిక ఒక్కటే కాదు, తోడు నిలిచినవాళ్ల చరిత్ర కూడా. ఈ చరిత్రలో వాలంటీర్ అంటే మైదానం బయట నీళ్ల సీసాలు అందించే మనిషి మాత్రమే కాదు. చాలాచోట్ల అతను ఆట లోపలే ఉంటాడు.

పదహారు దేశాలతో మొదలు

శీతాకాల పారాలింపిక్స్ మొదటిసారి 1976 ఫిబ్రవరి 21 నుంచి 28 వరకు స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో జరిగాయి. 16 దేశాల నుంచి 198 మంది క్రీడాకారులు వచ్చారు. చూపు లోపం ఉన్నవారికి, చేయి లేదా కాలు కోల్పోయినవారికి మాత్రమే అప్పుడు పోటీలు. చక్రాల కుర్చీ వాడేవారు కూర్చుని స్కీ చేసే పోటీలు 1988 ఇన్స్‌బ్రుక్ క్రీడల్లో వచ్చి చేరాయి. 1992లో ఫ్రాన్స్‌లో మొట్టమొదటిసారి శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ప్రాంతంలోనే శీతాకాల పారాలింపిక్స్ కూడా జరిపారు. 1994లో స్లెడ్జ్ మీద కూర్చుని ఆడే ఐస్ హాకీ, 2006లో చక్రాల కుర్చీ కర్లింగ్, 2014లో స్నోబోర్డ్ వచ్చాయి. ఆసియాకు ఈ క్రీడలు 1998లో జపాన్‌లోని నగానోతో అడుగుపెట్టాయి. 2026 మార్చి 6 నుంచి 15 వరకు ఇటలీలోని మిలాన్-కోర్టినా క్రీడలతో వీటికి యాభై ఏళ్లు.

అసలు కథ మాత్రం 1976 కంటే చాలా ముందే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ఆస్ట్రియా, జర్మనీ పల్లెలకు వేలమంది అవిటివాళ్లను తిప్పి పంపింది. పుట్టినప్పటి నుంచి మంచులో పెరిగినవాళ్లకు కాలు పోయిందంటే సగం లోకం పోయినట్టే. రెండు కాళ్లూ కోల్పోయిన ఆస్ట్రియా స్కీయర్ సెప్ స్విక్‌నాగల్ కృత్రిమ కాళ్లతో స్కీ చేయడం మొదలుపెట్టాడు. ఇంకొందరు చంకకర్రల అడుగున పొట్టి స్కీలు బిగించుకున్నారు. 1948లో బాడ్‌గాస్టైన్‌లో జరిగిన పోటీలకు 17 మంది వచ్చారు. అదే ఏడాది జులైలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చికలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ చక్రాల కుర్చీల్లోని 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. వేసవి పారాలింపిక్స్‌కు అది మూలం. మంచుకొండల్లో, ఆసుపత్రి ముంగిట్లో ఒకే ఆలోచన ఒకే ఏడాది మొలకెత్తింది.

నార్వే పాటగాడి పట్టుదల

తోడు స్కీయర్ అనే విద్యకు ఊపిరి పోసింది మాత్రం నార్వే. అక్కడ ఎర్లింగ్ స్టోర్డాల్ అనే గాయకుడు ఉండేవాడు. చూపు లేదు. మంచు మీద తనకూ హక్కుందన్నది ఆయన వాదన. 1964లో బెయ్టోస్టోలెన్ అనే కొండ ఊళ్లో ఆయన మొదలుపెట్టిన స్కీ పరుగు పేరు రిడ్డర్‌రెన్నెట్. చూపులేని ఒక్కొక్కరికీ చూపున్న ఒక్కో తోడు. ఏటా జరిగే ఈ వారం రోజుల పండగకు నార్వే సైనికులు కూడా తోడుగా వస్తారు. తుపాకీ పట్టిన చేతులు వారం పాటు స్కీ కర్రలు పట్టుకుని, పక్కవాడికి దారి చెబుతాయి. 1970లో అదే ఊళ్లో దివ్యాంగుల కోసం ఆటలతో ఆరోగ్యం కుదుటపరిచే కేంద్రం కూడా తెరుచుకుంది.

నార్వే నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఓలావ్ పెడెర్సన్ అనే స్కీ శిక్షకుడు ఈ ఆలోచనను సముద్రం దాటించాడు. 1975లో కొలరాడోలో ‘స్కీ ఫర్ లైట్’ మొదలైంది. మొత్తం వాలంటీర్ల మీదే నడిచే ఈ కార్యక్రమంలో పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. మంచులో యంత్రంతో పక్కపక్కనే రెండు జతల గాడులు తీస్తారు. ఒక జతలో చూపులేని స్కీయర్, పక్క జతలో తోడు. తోడు ఊరికే మాట్లాడకూడదు, మాట్లాడకుండా ఉండకూడదు. ‘ముందు దిగుడు ఉంది, ఎడమకు మలుపు, మలుపు అయిపోయింది, ఇక చదును’ అని దారిని ముక్కలు చేసి అందించాలి. ప్రమాదం అనిపిస్తే స్కీయర్ ఉన్నచోటే కూలబడిపోయేలా ఒక మాట ముందే అనుకుని పెట్టుకుంటారు. ఆ మాట పడ్డాక ఎందుకని అడగడం ఉండదు. దారి బాగున్నప్పుడు చుట్టూ చెట్లెలా ఉన్నాయో, కొండ మీద ఎండ ఎక్కడ పడుతోందో చెప్పడం కూడా తోడు పనే. ఇక్కడ చూపులేనివాళ్లు అతిథులు మాత్రమే కారు. సంస్థను నడిపేవాళ్లలో కూడా వాళ్లున్నారు.

వాలంటీర్ల చేతుల్లో పెరిగిన ఈ విద్యే పారాలింపిక్స్‌లో పతకాల స్థాయికి చేరింది. 2014లో సోచిలో సూపర్-జీ అనే స్కీ పోటీ గెలిచి కెల్లీ గాలఘర్, తోడు స్కీయర్ షార్లట్ ఇవాన్స్ బ్రిటన్‌కు శీతాకాల పారాలింపిక్స్‌లో మొట్టమొదటి బంగారు పతకం తెచ్చారు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో స్లాలమ్ బంగారం మెన్నా ఫిట్జ్‌పాట్రిక్‌ది. ఆమెకు ముందు జారిన జెన్నిఫర్ కెహో బ్రిటిష్ సైన్యంలో అధికారిణి. పతకాలు ఇద్దరి మెడలోనూ పడ్డాయి.

గట్లు తొక్కే గుంపు

తోడు స్కీయర్లు కెమెరాకు కనిపిస్తారు. తెల్లవారుజామున కొండెక్కేవాళ్లు కనిపించరు. ఆల్పైన్ స్కీ పోటీకి వాలు గట్టిగా, నున్నగా ఉండాలి. ఒక స్కీయర్ దిగిపోగానే మంచులో గాడులు పడతాయి. అదే దారిన ఒంటికాలి స్కీయరో, కూర్చుని జారే స్కీయరో వస్తే ఆ గాడులే పడగొడతాయి. అందుకే వాలంటీర్ల గుంపు స్కీలను అడ్డంగా పెట్టి మెల్లగా జారుతూ వాలును మళ్లీ నున్నగా చేస్తుంది. గేటు గేటుకూ ఒకరు నిలబడి స్కీయర్ సరిగ్గా దాటాడో లేదో చూస్తారు. పడిపోయిన జెండా కర్రను లేపి బిగిస్తారు.

కెనడాలోని విస్లర్‌లో ఈ పనికి పేరుబడ్డ ఓ బృందం ఉంది. పేరు వీజల్ వర్కర్స్. అక్కడి డౌన్‌హిల్ దారిలో వీజల్ అనే నిటారు వాలు ఉంది. 1970ల్లో మంచు చదును చేసే యంత్రాలు దాని మీదికి ఎక్కలేకపోయేవి. ఊరివాళ్లు వరసకట్టి కాళ్లతో తొక్కి మంచును గట్టిపరిచేవారు. ఆ బృందం వారసులే 2010 వాంకోవర్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటికీ విస్లర్ వాలులను సిద్ధం చేశారు. పారాలింపిక్స్ ఒలింపిక్స్ తర్వాత మార్చిలో వస్తాయి కాబట్టి పని ఇంకా కష్టం. ఎండ ముదిరి మంచు మెత్తబడుతుంది. అప్పుడు వాలు మీద ఉప్పు చల్లి మంచును గట్టిపరుస్తారు.

మెత్తబడ్డ మంచు ఒక బాధైతే, మనుషుల బాధలు వేరు. ఇలాంటి క్రీడల్లో వాలంటీర్‌కు యూనిఫాం, డ్యూటీ నాడు భోజనం, స్థానిక ప్రయాణం ఇస్తారు. విమానం టికెట్టు, గది అద్దె సాధారణంగా ఎవరి జేబులోంచి వాళ్లే పెట్టుకోవాలి. 2018లో ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ సమయంలో వసతి, రవాణా బాగాలేవని వాలంటీర్లు మొరపెట్టుకున్న సంగతి ప్రపంచమంతా వార్తయింది. కోట్ల డాలర్ల వ్యాపారానికి జీతం లేని చాకిరీ ఏమిటన్న ప్రశ్న ప్రతి క్రీడోత్సవంలోనూ లేస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా దరఖాస్తులు మాత్రం తగ్గడం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్, పారాలింపిక్స్‌కు కలిపి సుమారు 45 వేలమంది వాలంటీర్లు పనిచేశారు.

కల్లెడ నుంచి పారిస్ దాకా

మంచు లేని మన జిల్లాకు ఈ కథతో ఏం పని అనుకోవడానికి లేదు. మడికొండ నుంచి కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాటి పోతే పర్వతగిరి మండలంలో కల్లెడ వస్తుంది. జీవాంజి దీప్తి ఊరు అదే. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన కూలీల బిడ్డ. ఊళ్లో సూటిపోటి మాటలు తల్లిదండ్రులు పడినవే. ఊరి బడిలో ఆమె పరుగును మొదట గుర్తించింది పీఈటీ సార్. రాష్ట్రస్థాయి పోటీల్లో ఆమెను చూసి హైదరాబాద్ రప్పించింది ద్రోణాచార్య అవార్డు గ్రహీత కోచ్ నాగపురి రమేశ్. బస్సు ఛార్జీలకే వెనకాడాల్సిన కుటుంబం అది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో పరీక్ష చేయించమని సలహా ఇచ్చింది పుల్లెల గోపీచంద్. ఆ పరీక్షతోనే ఆమెకు మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో పోటీపడే దారి దొరికింది.

ఆ తర్వాత పరుగు ఆమెదే. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. నెలలు, సెకన్లు రికార్డుల్లో ఉంటాయి. ఒకరు గుర్తించడం, ఒకరు బస్సెక్కించడం, ఒకరు పరీక్షకు పంపడం రికార్డుల్లో ఉండవు. బెయ్టోస్టోలెన్‌లో మంచు గాడి పక్కన జరిగే పని కల్లెడ మట్టిదారిలోనూ జరిగింది.

పారిస్‌లోనే చూపు లోపం ఉన్నవారి 200 మీటర్ల టీ12 పోటీలో కాంస్యం గెలిచిన సిమ్రన్ శర్మ పక్కన, చేతికి తాడు కట్టుకుని అభయ్ సింగ్ పరుగెత్తాడు. తోడు ఒక్క అడుగు ముందుకు లాగినా తప్పే, వెనక్కి లాగినా తప్పే. ఇద్దరి చేతులూ ఒకే లయలో ఊగాలి. స్కీయర్‌కు మాట ఎలాగో, పరుగులో ఆ తాడు అలాగ.

మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి మంచు ఆటల దారి ఇంకొకటి ఉంది. యూనిస్ కెనడీ శ్రైవర్ 1968లో షికాగోలో మొదలుపెట్టిన స్పెషల్ ఒలింపిక్స్, 1977లో కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో శీతాకాల క్రీడలనూ చేర్చుకుంది. తొలి రోజుల్లో ముగింపు గీత దగ్గర ‘హగ్గర్లు’ అని కొందరు వాలంటీర్లు ఉండేవారు. మొదట వచ్చినా, చివర వచ్చినా పరుగు ముగించిన ప్రతి ఒక్కరినీ కౌగిలించుకోవడమే వాళ్ల డ్యూటీ. 2025 మార్చిలో ఇటలీలోని టురిన్‌లో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో భారత బృందం 33 పతకాలు తెచ్చుకుంది. అక్కడ ఫ్లోర్‌బాల్ లాంటి ఇండోర్ ఆటలూ ఉన్నాయి. అంటే మంచు కురవని ఊరి పిల్లలకూ చోటుంది.

జాతర తెలిసిన జిల్లా

జనాన్ని నడిపించడం ఓరుగల్లు వాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లే హైదరాబాద్ బండ్లు ఎన్నో మడికొండ, కాజీపేట రోడ్డు మీదుగా పోతాయి. తప్పిపోయిన పిల్లల్ని, ముసలివాళ్లను వాళ్ల గుంపుకు చేర్చిన అనుభవం ఇక్కడి కుర్రాళ్లకు ఉంది. పెద్ద పోటీల అనుభవమూ కొత్త కాదు. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ హనుమకొండ జేఎన్ఎస్ మైదానంలో జరిగాయి. 1500 మీటర్లలో సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ బద్దలు కొట్టింది ఆ ట్రాక్ మీదే.

లేనిదల్లా దివ్యాంగులకు తోడు నిలవడంలో శిక్షణ. చక్రాల కుర్చీని అడగకుండా పట్టుకుని తోయకూడదు. చూపులేని మనిషి చేయి లాగి నడిపించకూడదు, మన మోచేయి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారిణితో మాట్లాడేటప్పుడు పక్కనున్న కోచ్‌ని కాదు, ఆమెనే అడగాలి. పారా క్రీడల వాలంటీర్ శిక్షణలో పాఠాలు ఇలాగే ఉంటాయి. వీటికి మంచు అక్కర్లేదు, విమానం టికెట్టూ అక్కర్లేదు. ఏ బడి మైదానంలోనైనా ఒక పూటలో మొదలుపెట్టొచ్చు.

అవకాశాలు కూడా దగ్గరికి వస్తున్నాయి. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ మొదటిసారి మన దేశంలో, ఢిల్లీలో జరిగాయి. 2030 శీతాకాల పారాలింపిక్స్ ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో, 2034వి అమెరికాలోని యూటాలో. అమెరికాలో స్థిరపడిన మన ఊళ్ల పిల్లలకు యూటా పెద్ద దూరం కాదు. ఇక్కడున్నవాళ్లకు అంతకంటే దగ్గరిది 2030 కామన్వెల్త్ క్రీడలు. దివ్యాంగుల పోటీలను మిగతావాటితో కలిపే జరిపే ఆ క్రీడలకు వేదిక అహ్మదాబాద్. వరంగల్ స్టేషన్‌లో ఆగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు.