రాజపాత్రల్లో బహుపాత్రాభినయం: తెలుగు పౌరాణిక చిత్రాలు

ఒకే చిత్రంలో ఒకే నటుడు ఇద్దరు రాజవంశీయులుగా కనిపించడం దక్షిణాది సినిమాలో తొలుత జానపద కథలతో బలపడింది. తమిళ ‘ఉత్తమ పుత్రన్’ (1940)లో పి.యు.చిన్నప్ప కవల రాకుమారులుగా నటించారు. 1958లో శివాజీ గణేశన్‌తో అదే కథను మళ్లీ తీశారు. ఆ ఏడాదే ఎం.జి.రామచంద్రన్ ‘నాడోడి మన్నన్’లో రాజుగానూ, రాజును పోలిన సామాన్యుడిగానూ నటించారు. ఈ కథలకు పోలికే ప్రాణం.

పౌరాణికంలో వ్యవహారం వేరు. కృష్ణుడికీ సుయోధనుడికీ పోలిక ఉండకూడదు. 1966 సంక్రాంతికి వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’లో ఎన్.టి.రామారావు ఈ రెండు పాత్రలూ ధరించి, దర్శకత్వమూ వహించారు. ‘మాయాబజార్’ (1957) నాటి నుంచి జనం కృష్ణుడిగా కొలుస్తున్న ముఖంతోనే సుయోధనుణ్ణి నమ్మించడం సాహసం. మయసభలో వింతలకు మురిసి, మడుగులో పడి, ద్రౌపది నవ్వు విని రగిలిపోయే ఆ అభిమానధనుడిలో కృష్ణుడి ఛాయ మచ్చుకైనా కనిపించదు.

1977 జనవరి 14న విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’లో ఆయన కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు. దర్శకుడూ ఆయనే. అంగరాజ్యాభిషేక ఘట్టంలో పట్టం కట్టేదీ, కట్టించుకునేదీ ఒక్కరే. కంప్యూటర్లు లేని ఆ కాలంలో ఇలాంటి దృశ్యాలకు కెమెరాను కదలనివ్వకుండా నిలిపి, ఫ్రేములో సగం మాస్కుతో మూసి ఒక పాత్రను తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా సగంలో రెండో పాత్రను తీసేవారు. వీపు మాత్రమే కనిపించే షాట్లకు డూపు ఉండేవాడు. అయితే పాత్రలను నిజంగా విడదీసింది కెమెరా కాదు. నడక, చూపు, వాచకం. కొండవీటి వెంకటకవి రాసిన సమాసభరిత సంభాషణల్లో సుయోధనుడి గర్జన ఒక తీరు, కర్ణుడి ఆవేదన మరో తీరు. సుయోధనుడికి భానుమతితో యుగళగీతం పెట్టడం ఆ పాత్ర మీద దర్శకుడి మమకారానికి నిదర్శనం.

అదే రోజు వచ్చిన ‘కురుక్షేత్రం’లో అర్జునుడిగా కృష్ణ, కృష్ణుడిగా శోభన్‌బాబు, కర్ణుడిగా కృష్ణంరాజు నటించారు. ఒక చిత్రం భారతాన్ని తారలకు పంచితే, రెండోది ఒక్కరి భుజాల మీదే ఎక్కువ భారం మోపింది.

‘శ్రీమద్విరాట పర్వం’ (1979)లో ఎన్టీఆర్ పాత్రలు ఐదుకు పెరిగాయి. 1996లో బాలకృష్ణ ‘శ్రీకృష్ణార్జున విజయం’లో కృష్ణార్జునులుగా నటించారు. ‘బాహుబలి’ (2015, 2017)లో ప్రభాస్ పోషించిన అమరేంద్ర, మహేంద్ర బాహుబలులు తండ్రీకొడుకులు కనుక అక్కడ పోలిక మళ్లీ కథకు బలమైంది. పోలికను మరిపించిన నటనకు మాత్రం నేటికీ కొలమానం ‘దాన వీర శూర కర్ణ’మే.