ఐదు నిమిషాల్లో లేచే డేరా

1929లో డెట్రాయిట్‌కు చెందిన ఆర్థర్ షెర్మన్ అనే బ్యాక్టీరియాలజిస్టు కారు వెనక తగిలించుకునే డేరా ట్రెయిలరొకటి కొన్నాడు. మందుల కంపెనీ నడిపే పెద్దమనిషి. సెలవుల్లో పెళ్లాం పిల్లలతో ఊళ్లు తిరుగుదామని ఆయన సరదా. ఆగిన చోట ఐదే నిమిషాల్లో డేరా లేచి నిలబడుతుందని అమ్మినవాళ్ల మాట. మొదటి మజిలీలోనే ఉరుముతూ వాన కురిసింది. ఐదు నిమిషాలు దాటాయి, డేరా లేవలేదు. ఆ గుడ్డతో, చువ్వలతో కుస్తీ పట్టి ఇంటిల్లిపాదీ ముద్దగా తడిశారు.

షెర్మన్ తిరిగొచ్చి ఒక వడ్రంగిని పిలిపించి, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున మేసొనైట్ అనే చెక్కపీచు పలకలతో చక్రాల పెట్టె చేయించాడు. గుడ్డ లేదు, విప్పేదీ లేదు, మడిచేదీ లేదు. పాతకాలంలో వలసవాళ్లు పడమటికి తోలుకెళ్లిన గూడుబండ్లను తలుచుకుని పిల్లలు దానికి ‘కవర్డ్ వ్యాగన్’ అని పేరు పెట్టారు. దారిన పోయేవాళ్లు ఆపి అడుగుతుంటే, 1930 జనవరిలో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనలో పెట్టాడు. 1936 నాటికి అమెరికాలో అందరికన్నా ఎక్కువ ట్రెయిలర్లు చేసే కంపెనీ ఆయనదే. ఆ రాత్రి కాసేపు వాన ఆగి ఉంటే ఈయన మందులే అమ్ముకునేవాడేమో!

ఈ సంగతి చదివి ముచ్చటపడి వెతకబోతే ఇంకొకాయన తగిలాడు, వాలీ బయమ్. తర్వాతి రోజుల్లో వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్లు చేసింది ఆయనే. ఆయన భార్య మేరియన్‌కు నేలమీద పడుకోవడం నచ్చదు. దాంతో ఫోర్డ్ మోడల్ టీ చట్రం మీద డేరా బిగించి చూశాడు. అది ఎత్తడం ఒక ప్రయాస, వాన పడితే లోపల సుఖం సున్నా. ఆయన కూడా చివరికి గట్టి గోడల దారే పట్టాడు. అమెరికా రోడ్ల మీది ఇళ్లకు తల్లి ఎవరంటే, తడిసిన కాన్వాసు అనే అంటాను నేను.

ఆ తల్లి పోలికలు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కారు వెనక ఎత్తు తక్కువ పెట్టె. దిగాక మూత లేపితే గుడ్డ గోడలు పైకొస్తాయి, అటూ ఇటూ మంచాలు అగ్గిపెట్టె అరల్లా బయటికి జరుగుతాయి. ఇప్పుడు పాప్-అప్ అంటున్న ఈ ఏర్పాటుకు పూర్వరూపాలు 1910ల చివర్లోనే ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రం సాగినాలో ‘ఆటో-కాంప్’ పేరుతో అలాంటివి చేసేవాళ్లు.

నాకు మనసంతా 1920ల మీదే. అప్పటికి మోడల్ టీ 300 డాలర్ల లోపుకు దిగింది. రైలు టైముతో, హోటలు మర్యాదలతో విసిగినవాళ్లు పెట్టెలు, పెనాలు కార్లకు కట్టుకుని బయల్దేరారు. 1919లో ఫ్లారిడాలోని టాంపా నగరం డిసోటో పార్కులో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని ఒక సంఘమే కట్టారు. డబ్బా తిండి తింటూ తిరుగుతారని ఎగతాళి చేస్తే, ఆ డబ్బానే రేడియేటర్ మూత మీద జెండాలా నిలబెట్టుకున్నారు. వాళ్లకొక రహస్య కరచాలనం కూడా ఉండేది. ఊళ్లు కూడా పోటీపడి ఉచిత విడిదులు తెరిచాయి. వచ్చినవాళ్లు మన బజార్లో నాలుగు డాలర్లు ఖర్చుపెడతారని ఆశ. డెన్వర్‌లోని ఓవర్లాండ్ పార్కు విడిది 160 ఎకరాలు. వాన పడితే ఎవరి కర్ర ఒరిగినా పక్కవాడు లేచి పట్టుకోవాల్సిందే. గుడ్డ గోడ ఇచ్చే పొరుగు అది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. దశాబ్దం సగం గడిచేసరికి, డబ్బులేనివాళ్లు కూడా కార్లలో వస్తున్నారని ఊళ్లకు కంటగింపయింది. రుసుములు పెట్టారు, ఉండే రోజులకు హద్దు పెట్టారు. పేదవాడు చేరగానే ఉచితం తప్పయిపోవడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. ఇక ఆ పొరుగు సంగతికొస్తే, షెర్మన్ పెట్టె మనిషిని పొడిగానే ఉంచింది, కానీ దాని తలుపు మూసుకుంటుంది కదా.

డేరాలో తడవకుండా ఉండే రాజమార్గం మొగలులకు తెలుసు. 1660లలో ఔరంగజేబు వెంట కాశ్మీరు వెళ్లిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ రాశాడు: పాదుషాకు రెండు జతల డేరాలు. ఒకదాంట్లో ఆయన నిద్రపోతుంటే రెండోది ముందు మజిలీకి పోయి సిద్ధంగా ఉంటుంది. దాన్ని మోయడానికి అరవైకి పైగా ఏనుగులు, 200 ఒంటెలు. ఆ డేరాల చుట్టూ కట్టే కనాతుల లోపలి వైపు మన మచిలీపట్నం కలంకారీ, పెద్ద పెద్ద పూలకుండీలతో! షెర్మన్‌కు లేనిది ఏనుగులే.

మళ్లీ అమెరికాకు వస్తే, షెర్మన్ తర్వాతి పాతికేళ్లు పరుగున దాటేస్తాను. మాంద్యం, యుద్ధం, ట్రెయిలర్లే ఇళ్లవడం. ఇరవయ్యేళ్లలో అమెరికాలో సగం మంది చక్రాల ఇళ్లలోనే ఉంటారని రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక జోస్యుడు చెప్పాడు, జరగలేదు. 1950లు, 60లలో డేరా ట్రెయిలర్ మళ్లీ తలెత్తింది, అదీ షెర్మన్ సొంత రాష్ట్రం మిషిగన్‌లోనే. లపీర్ అనే ఊళ్లో వెసెలీ కంపెనీ ‘అపాచీ’లు చేసింది, లాంతర్ల కోల్‌మన్ కూడా ఈ రంగంలోకి దిగింది. చిన్న కారు కూడా లాగగలదు, షెడ్డులో పడుతుంది, ధర తక్కువ. విచిత్రమేమంటే 1970లలో అపాచీవాళ్లే గుడ్డ తీసేసి, మడతపడే గట్టి గోడల మోడల్ తెచ్చారు. మళ్లీ అదే వాన, అదే ఫిర్యాదు.

మిషిగన్‌లో ఉండే మా అన్నయ్య పాత పాప్-అప్ ఒకటి కొని అక్టోబరులో పిల్లల్ని తీసుకెళ్లాడు. వాన సంగతేమిటని ఫోన్లో అడిగితే, “పైనుంచి వాన కాదురా, కిందినుంచి చలి చంపేసింది” అన్నాడు. నిజమే. ఆ మంచాలు గాలిలో వేలాడుతుంటాయి, పరుపు కింద పలక, దాని కింద ఈదురుగాలి. పైన రెండు దుప్పట్లు కప్పుకునే బదులు పరుపు కింద మందపాటి ఫోమ్ పరిస్తే మేలు.

కాన్వాసు మట్టుకు మనం అనుకున్నంత చేతకానిది కాదు. తడిస్తే నూలుపోగులు ఉబ్బి సందులు వాటంతటవే పూడుకుంటాయి. లోపలినుంచి వేలు ఆనించారా, అక్కడినుంచి చుక్క మొదలు. చాలామంది వాన కారిందనుకునేది నిజానికి తమ ఊపిరే. నలుగురు రాత్రంతా వదిలిన తేమ చల్లటి గుడ్డకు పట్టి తెల్లారేసరికి బొట్లు బొట్లుగా పడుతుంది. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించేవాళ్లే ఎక్కువ తడుస్తారు. గ్యాసు పొయ్యి వెలిగించుకుని పడుకోవడమైతే ప్రాణాలతో చెలగాటం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు. పొగ బయటికి పోయే హీటరే ఉండాలి. గ్యాసులోనూ తేడా ఉంది: బ్యూటేన్ సున్నాకు కాస్త కిందే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది.

తిరుగు ప్రయాణంలో తడి గుడ్డనే మడిచి తేవాలి, తెచ్చాక వెంటనే విప్పి ఆరబెట్టకపోతే బూజు. అన్నయ్యవాళ్ల డేరా ఇంటి ముందు లేవగానే పిల్లలు ఆ రాత్రీ అందులోనే పడుకుంటామని పేచీ పెట్టారు. వదిన సరేనంది. ఇంట్లో రజాయిలు మాత్రం గడప దాటకూడదంది.