తుపాకికై పెంచిన పక్షులు

బ్రిటనుదేశపు పక్షిరక్షణ చరిత్రను పరిశీలించువారికి మొట్టమొదట నొక వింత కానవచ్చును. అచ్చట చిరకాలము పక్షులను కాచినవారు వేటగాండ్రే. 1671వ సంవత్సరపు శాసనమును బట్టి, ఏటికి నూఱు పౌనుల రాబడి గల సొంతభూమి లేనివాడు సామాన్యముగా కౌజుపిట్టనైనను కొట్టరాదు. 1831లో ఈ నిబంధన తొలగి, రుసుము చెల్లించినవారికి అనుమతిపత్ర మొసగు పద్ధతి యేర్పడెను. గ్రౌసు, కౌజు మున్నగు వేటపక్షులను అవి గ్రుడ్లు పొదుగు మాసములలో చంపరాదనియు విధించిరి. గ్రౌసువేట ఆగష్టు 12వ తేదీన ఆరంభమగుట నేటికిని ఆచారమే. దీనిని దయ యనుకొనరాదు. రైతు విత్తనపుగింజలను దాచుకొనుట వంటిదే యిది. రాత్రివేళ దొరగారి పొలమున వేటాడి మూడవమారు పట్టుబడిన పేదవానిని ఏడేండ్లు ద్వీపాంతరము పంపుటకు 1828 నాటి శాసనము వీలు కల్పించెను. 1888 ఆగష్టు 30న వాల్సింగ్‌హాం ప్రభువు యార్కుషైరులో ఒక్కదినమున తానొక్కడే 1,070 గ్రౌసులను కూల్చగా, అది వేటచరిత్రలో ఘనకార్యముగా నెక్కినది!

పక్షిని పక్షికొఱకే కావవలెనను తలంపునకు చట్టమున చోటు దొరకినది సముద్రపుటొడ్డున. ఫ్లాంబరో కొండచరియలయందు గూళ్లు కట్టుకొన్న పక్షులను, వినోదార్థము వచ్చినవారు పడవలలో కూర్చుండి కాల్చుచుండిరి. కిట్టివేకు రెక్కలు స్త్రీల టోపీలకు పోయెడివి. తల్లిని గోల్పోయిన పిల్లలు గూళ్లలోనే ఆకలితో చచ్చెడివి. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ న్యూటను 1868లో ఈ ఘోరమును విద్వత్సభలో ఖండించెను. మఱుసటియేడే సముద్రపక్షి రక్షణశాసనము వెలసెను. ఈ పక్షుల కూతలు మంచులో నావికులకు తీరము దాపున నున్నదని తెలుపునను వాదమును గూడ ముందుంచవలసివచ్చెను. దయ సైతము లాభపు వేషము వేసికొనిగాని శాసనసభలో నడుగిడజాలదు కాబోలు!

1889లో మాంచెస్టరు చెంత డిడ్స్‌బరీలో ఎమిలీ విలియంసన్ అను గృహిణి తన యింటనే యొక సంఘమును స్థాపించెను. సభ్యురాండ్రు పక్షుల యీకలు ధరింపరాదు. ఆహారమునకై చంపిన పక్షుల యీకలకును, ఉష్ట్రపక్షి యీకలకును మాత్రము మినహాయింపు. 1902లో భారతప్రభుత్వము ఈకల యెగుమతిని నిషేధించినది. బ్రిటనులో దిగుమతిని నిషేధించు శాసనము 1921లోగాని రాలేదు. ఆ సంఘమునకు 1904లో రాజశాసనము లభించెను. కాని వేటపక్షులను చంపు విషయమున జోక్యము కలిగించుకొనరాదని సంఘమే నియమము పెట్టుకొనియుండెను. నాటి గొప్పయిండ్లలో వేటగాడు లేని యిల్లు అరుదు. ఆ నియమమే లేకున్న సంఘము నిలిచెడిదా యని నాకు సందేహము. ఆ స్త్రీలను తప్పుపట్టలేను.

అయినను ఆ మౌనమునకు మూల్యము చెల్లించినది మఱియొక పక్షి. హారియరను డేగజాతి పక్షి గ్రౌసుపిల్లలను తినును గనుక వేటభూముల కాపరులకు బద్ధశత్రువు. 1954 శాసనము దానికి రక్షణ నొసగినను రహస్యవధ ఆగలేదు. 2013లో ఇంగ్లండంతటను ఒక్క హారియరు పిల్లయైనను గూటినుండి యెగురలేదు. ఆ సంఘము 2020లో తన మౌనమును వీడి, గ్రౌసువేటభూములకు అనుమతిపత్రము ఉండితీరవలెనని కోరెను. స్కాట్లండు 2024లో అట్టి చట్టమును చేసినది, ఇంగ్లండింకను చేయలేదు.